తడిసిన కుర్చీ

శుభ్రంగా ఉన్నవాళ్ల దగ్గరికే దేవుడు వస్తాడా అన్న అనుమానం నన్ను చాలా ఏళ్లుగా వదలడం లేదు. ఎవరినైనా అడుగుదామంటే, ఇంత వయసొచ్చి ఇదేం ప్రశ్న అంటారేమోనని ఊరుకున్నాను. స్నానం చెయ్యకుండా నేను ఏనాడూ ప్రార్థనకి కూర్చోలేదు. దేవుడి అల్మరా అద్దం నేనే తుడుస్తాను, ఇంకొకరి చెయ్యి పడనివ్వను. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తువ్వాలు వాసన చూసి, ఆ తర్వాతే కళ్లు మూసుకుంటాను. మూసుకోగానే మనసులోకి దేవుడు రావాలి కదా. వంటింటి గట్టు మీద ఎవరో పిండకుండా వదిలేసిన గుడ్డ వస్తుంది. దాన్ని తోసేస్తే బాత్‌రూము జాలీలో చిక్కుకున్న వెంట్రుకలు వస్తాయి. అవి వదిలేసరికి షాపుకి వేళవుతుంది.

నా పని కూడా అలాంటిదే. కళ్లద్దాల షాపులో అద్దాలు బిగిస్తాను. జనం ముఖం మీంచి తీసి, ఇంకా వెచ్చగా ఉండగానే నా అరచేతిలో పెడతారు. ముక్కు మీద ఆనే చోట పచ్చటి జిడ్డు, చెవి వెనక మలుపులో చర్మం పొట్టు, అద్దం నిండా తుమ్మిన తుంపర. వాళ్లకి అవేవీ కనిపించవు, అద్దాలు నా చేతిలో ఉన్నాయి కాబట్టి. నవ్వుతూ తీసుకుంటాను. లోపలికెళ్లి తుడిచి, చేతులు కడుక్కుని, మళ్లీ నవ్వుతూ ఇస్తాను.

మా అక్క ఈ విషయంలో నాకు పూర్తిగా ఎదురు. నాకంటే పెద్దది. బావ పోయిన దగ్గర్నుంచి మా ఇంట్లోనే వెనక గదిలో ఉంటోంది. పిల్లల్లేరు. పనికెళ్లే తల్లులు పసిపిల్లల్ని వదిలి వెళ్లే కేంద్రంలో ఆయా. పగలంతా ఆ పిల్లల చీమిడి, చొంగ, తక్కినవీ తుడిచి, సాయంత్రం ఇంటికొచ్చి అన్నం దగ్గర నన్ను పట్టుకుంటుంది.

"ఏరా, ఇవాళ ఎన్ని ముక్కులు తుడిచావు?"

"ముక్కులు కాదక్కా, అద్దాలు."

"నేను ముడ్లు తుడిచాను. నీకంటే నాదే పెద్ద షాపు."

నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేస్తాను. "తినే దగ్గర ఆ మాటలేంటక్కా?"

"అబ్బో, సుకుమారుడు! నా బాకీ సంగతి మరిచిపోయి మాట్లాడుతున్నాడు చూడు."

"ఏం బాకీ వదినా?" అని నా భార్య ఎప్పుడూ అడుగుతుంది.

"మీ ఆయన్నే అడుగు" అని అక్క ఎప్పుడూ అంటుంది. నేను ఎప్పుడూ మంచినీళ్లు తాగుతాను.

ఇలా సాగిపోతున్న అక్కకి నడుం పట్టేసింది. కేంద్రంలో ఒక బొద్దుగా ఉన్న పిల్లాడు అలిగి నేల మీద పడుకుంటే, వాడిని ఒక్క ఊపున ఎత్తబోయిందట. అప్పుడు పట్టిన నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. తైలాలు రాసింది, వేడి నీళ్ల సంచి పెట్టుకుంది, మాత్రలు మింగింది. కొన్ని నెలలకి నొప్పి ఒక కాల్లోకి దిగింది. ఆ తర్వాత రెండో కాల్లోకి కూడా. కేంద్రం నడిపే ఆవిడ మంచిదే, కానీ మొహం మీదే చెప్పింది: "నువ్వు పిల్లల్ని ఎత్తలేకపోతే నేనేం చెయ్యనమ్మా? కొత్త పిల్లలు చేరేలోపు నడుం బాగుచేయించుకుని రా. లేకపోతే ఇంకొకర్ని పెట్టుకోక తప్పదు."

అక్క ఆ రోజు అన్నం దగ్గర ఒక్క జోకూ వెయ్యలేదు. ఆ పిల్లలు లేకపోతే ఆమెకి పొద్దు ఎలా పోతుందో నేను ఊహించలేకపోయాను.

ఆ తర్వాత ఫోనులో వీడియోలు మొదలయ్యాయి. ఒక మనిషి బల్ల మీద పడుకుంటాడు. డాక్టరు వాడి గడ్డం పట్టుకుని చటుక్కున తిప్పుతాడు. టక్‌మని శబ్దం. ఇంకో పక్కకి తిప్పుతాడు. పటపటా ఇంకో నాలుగు. పడుకున్నవాడి మొహంలో స్వర్గం కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ శబ్దం వింటే ఎవరో కోడి కాలు మెలిపెట్టి ఊడదీస్తున్నట్టు ఉండేది. నా మొహం చూసి అక్క కావాలనే శబ్దం పెంచేది.

"ఈ విరుపుల డాక్టరు మన ఊళ్లో కూడా ఉన్నాడట్రా. మా కేంద్రంలో ఒక పిల్ల తల్లి చెప్పింది. రెండుసార్లు వెళ్లి లేడిపిల్లలా గెంతుతోంది."

"పెద్దాసుపత్రిలో చూపిద్దాం అక్కా."

"అక్కడ లైన్లో నిలబడితే ఉన్న నడుం కూడా పోతుంది. నన్ను తీసుకెళ్తావా, నేనే పోనా?"

ఆ వారంలోనే ఇంకో తలనొప్పి వచ్చిపడింది. అక్క గదిలో వాసన. ముక్కులోకి సూదిలా దిగే పుల్లటి వాసన. పక్కింటి పిల్లి కిటికీలోంచి దూరి పని కానిస్తోందని తేల్చేశాను.

"ఆ కిటికీ మూసి పెట్టుకో. ఆ దిక్కుమాలిన పిల్లి నీ మంచం కిందే కాపురం పెట్టింది" అన్నాను గుమ్మంలోంచే.

అక్క ఏమీ అనకుండా గోడ పట్టుకుంటూ వెళ్లి కిటికీ మూసింది. మామూలుగా ఐతే పిల్లిని వెనకేసుకొచ్చేది. నేల ఫినాయిలుతో కడిగించాను. మెట్ల మీద పక్కింటాయన్ని ఆపి, పిల్లిని అదుపులో పెట్టుకోమని కూడా చెప్పాను. ఆయన బిక్కమొహం వేసి, "మా పిల్లి ముసలిదండీ, గడప దాటదు" అన్నాడు. ఎంత తేలిగ్గా అబద్ధమాడుతున్నాడో అనుకున్నాను.

మర్నాడే అక్కని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను.

కింద టైర్ల షాపు, పైన ఆయన గదులు. అక్క ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి, ఊపిరి తీసుకుని, తర్వాతి మెట్టు ఎక్కింది. తలుపు మీద 'కైరోప్రాక్టర్, వెన్నెముక సవరణ' అని బోర్డు. లోపల చెప్పులు విప్పి వాళ్లిచ్చిన రబ్బరు చెప్పులు వేసుకోవాలి. ఎన్ని కాళ్లు దూరాయో, మడమ ఆనేచోట నల్లగా నిగనిగలాడుతున్నాయి. కాలు పెడితే చల్లగా, బంకగా తగిలింది. వెనక్కి తీసేసుకుని మేజోళ్లతోనే నడిచాను. నాలుగడుగులు వేసేసరికి మేజోళ్లకి ఎవరిదో పొడవాటి వెంట్రుక చుట్టుకుంది.

కూర్చునే గదిలో ఒక మూల కొక్కేనికి ప్లాస్టిక్ వెన్నెముక వేలాడుతోంది. ఒకప్పుడు తెల్లగా ఉండి ఉంటుంది. వచ్చినవాళ్లంతా నొప్పి ఎక్కడో చూపించడానికి దాన్ని పట్టుకున్నట్టున్నారు, నడుం దగ్గర గోధుమరంగు తేలింది. వేలిముద్రల మీద వేలిముద్రలు. నా జేబులో షాపు గుడ్డ ఉంది. తుడిచేద్దామా అనిపించి, గుడ్డ మీద జాలేసి ఊరుకున్నాను.

మా ఎదురుగా ఒకాయన మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. ఆ తువ్వాలుతోనే మొహం, చంకలు, మళ్లీ మొహం తుడుచుకుంటున్నాడు.

"మొదటిసారా అమ్మా?" అన్నాడు అక్కతో.

"అవునండీ. నొప్పెడుతుందా?"

"నొప్పా? అబ్బే. ముందు ప్రశ్నలు. పుట్టిన దగ్గర్నుంచి ఎప్పుడు కిందపడ్డావు, ఎలా పడుకుంటావు, అన్నీ అడుగుతాడు. తర్వాత కాళ్లు ఎత్తిస్తాడు, వేళ్లు నొక్కిస్తాడు, మోకాలి మీద చిన్న సుత్తితో కొడతాడు. అవన్నీ అయ్యాక అసలు సంగతి. పటేల్మంటుంది! రేపు ఒళ్లంతా పచ్చిగా ఉంటుంది, ఎల్లుండికి పువ్వులా ఐపోతారు."

అదే సమయంలో గోడ అవతల్నుంచి ఆ శబ్దం వచ్చింది. వరసగా, కొమ్మ విరిచినట్టు. ఆ వెంటనే ఎవరో మగమనిషి హాయిగా మూలిగాడు. తువ్వాలాయన కళ్లు మూసుకుని తల ఊపాడు, మంచి పాట విన్నవాడిలా. నాకు నోట్లో నీళ్లూరాయి, వాంతికి ముందు ఊరే నీళ్లు.

అక్కని పిలిచారు. లేచి నిలబడ్డానికి నా భుజం పట్టుకుంది. లేస్తూ లేస్తూ తన చేతిసంచి కుర్చీలో పెట్టేసింది.

"సంచి తీసుకో అక్కా."

"ఉండనీరా, అక్కడే ఉండనీ."

"ఎవరైనా పట్టుకుపోతే?" అని నేనే తీశాను. కుర్చీ గుడ్డ తడిగా ఉంది. నా వేళ్లకి అంటింది. ఛీ, మాకంటే ముందు కూర్చున్నవాడెవడో ఇంత చెమట కార్చి పోయాడు, తుడిచే దిక్కు లేదు, పాపం అక్క దాని మీదే కూర్చుంది అనుకున్నాను. మేజోడు అంచుకి వేళ్లు తుడుచుకున్నాను. చేతులు కడుక్కోవడానికి చోటు ఎక్కడుందని చూశాను. లేదు. అక్క నా వైపు ఒకలా చూసి, చప్పున మొహం తిప్పుకుంది.

లోపల డాక్టరు లావుగా, చేతుల నిండా నల్లటి వెంట్రుకలతో, తెల్లకోటు గుండీలు బిగుసుకుపోయి ఉన్నాడు. పుదీనా బిళ్ల చప్పరిస్తున్నాడు. ఆ పుదీనా కింద పొద్దున తిన్నదాని వాసన దాగలేదు. మాట మాటకీ ముక్కు ఎగబీలుస్తున్నాడు. అరచేతుల నూనెని కోటు పక్కలకి రాసుకున్నాడు, అక్కడ కోటు కాగితంలా పారదర్శకంగా మారింది.

బల్లకి తల పెట్టేచోట ఒక కంత ఉంది, మొహం అందులో దూర్చి పడుకోవాలి. అంతకుముందు మనిషి నుదుటి చెమట ముద్ర దాని మీద పరిచిన కాగితంపై ఇంకా ఆరలేదు. డాక్టరు ఆ కాగితం చింపి ఉండ చేసి బుట్ట వైపు విసిరాడు. బుట్ట నిండిపోయి ఉండడంతో అది నా కాళ్ల దగ్గరికి దొర్లింది. చుట్టలోంచి కొత్త కాగితం లాగి పరిచాడు. ఆ కాగితం కింద రెగ్జిను దిండు అంచులు ఎన్ని మొహాల జిడ్డుతోనో మెరుస్తున్నాయి.

"నేను బయట కూర్చుంటానక్కా" అన్నాను.

"ఉండరా. నాకు భయంగా ఉంది" అంది. అక్క నోట భయం అన్న మాట నేను అంతకుముందు విన్న గుర్తు లేదు. గోడ పక్కన నిలబడ్డాను, గోడకి ఆనకుండా.

ప్రశ్నలు మొదలయ్యాయి. నొప్పి ఎప్పట్నుంచి, ఏం ఎత్తారు, దగ్గితే పెరుగుతుందా, జ్వరం వచ్చిందా, బరువు తగ్గారా. ఒక్కోటీ అడిగి రాసుకున్నాడు.

"కాల్లోకి దిగుతోందా?"

"రెండు కాళ్లలోకీ."

ఆయన పుదీనా బిళ్ల చప్పరించడం ఆపాడు. "రెండూనా? ఎన్నాళ్లయింది?"

"ఈమధ్యే."

"తొడల మధ్య, కూర్చునే భాగంలో తిమ్మిరిగా, మొద్దుబారినట్టుగా ఉందా అమ్మా?"

అక్క గోడ మీది క్యాలెండరు చూసింది. "లేదు."

"మూత్రం పట్టు తప్పడం, తెలియకుండా పోవడం లాంటివి? విరేచనం దగ్గర ఏమైనా తేడా?"

"ఛ ఛ. అవేం మాటలు డాక్టరుగారూ?"

"అడగడం నా పనమ్మా. సిగ్గుపడకండి."

"లేదని చెప్పాగా."

నేను తలొంచుకుని నా మేజోళ్ల వంక చూస్తున్నాను. మా ఇంట్లో అలాంటి మాటలు ఎవరం అనం. కేంద్రంలో పిల్లల సంగతులు ఎన్నైనా చెప్తుంది కానీ, తన ఒంటి సంగతి అక్క ఏనాడూ నా ముందు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నడుం నొప్పిని కూడా చాలాకాలం "ఒంట్లో బాగాలేదు" అని చెప్పుకుంది.

డాక్టరు కాళ్లు ఎత్తించాడు. బొటనవేళ్లతో తన చెయ్యి నొక్కమన్నాడు. సుత్తితో మడమ వెనక కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు, పెదవి విరిచాడు. "కొంచెం మందంగా ఉంది. సరే, చూద్దాం. పక్కకి తిరిగి పడుకోండమ్మా. భయపడకండి. ఆ శబ్దం ఎముకలు విరగడం కాదు, కీళ్ల మధ్య నీళ్లలో బుడగలు, అంతే. సోడా మూత తీసినట్టు."

అక్క మూలుగుతూ పక్కకి తిరిగింది. ఆయన ఆమె పైకాలు మడిచి, తన పొట్టని ఆమె తుంటికి ఆనించి, ఒక చేత్తో భుజం వెనక్కి తోస్తూ ఇంకో చెయ్యి నడుం మీద వేశాడు. ఆయన చెమట ఆమె చీర మీద పడుతోంది. నేను మొహం తిప్పుకోబోయాను. అప్పుడే, ఆమె తిరిగినప్పుడు లేచిన గాలిలో, నాకు ఆ వాసన తగిలింది.

పుల్లటి వాసన. పిల్లి వాసన.

ఈ గదిలో పిల్లి లేదు.

ముందు అసహ్యం వేసింది. నేను దాచను. ముక్కు మూసుకోవడానికి చెయ్యి లేచింది. ఆ చేతి వేళ్ల నుంచి కూడా అదే వాసన. కుర్చీ తడి. సంచి అక్కడే ఉండనీరా అంది. మాట్లాడకుండా కిటికీ మూసింది. నేను ఫినాయిలు పోయించాను, ముసలి పిల్లిని తిట్టాను, ఎవడో చెమటోడిన మనిషిని తిట్టాను. ఎంతమందిని తిట్టానో, ఒక్కసారీ మా అక్క వైపు చూడలేదు.

"గాలి పూర్తిగా వదలండి అమ్మా. ఆ... వదిలేయండి" అంటున్నాడు డాక్టరు. ఆయన భుజం కిందికి వాలుతోంది.

"ఆగండి" అన్నాను.

"ఏమైందండీ?"

"మీరు ఇందాక అడిగారు కదా... ఆ రెండో ప్రశ్న... మా అక్క సరిగ్గా..."

"ఒరే, నోరు ముయ్యి" అంది అక్క, బల్ల మీద మొహం పెట్టుకునే.

నా నోరు ఆమె చెప్పకముందే మూసుకుపోయి ఉంది. ఒక్క ముక్క అంటే ఏం పోతుంది? కానీ అంటే, మా అక్కని ఈ జిడ్డు మనిషి ముందు నేనే బట్టలూడదీసినట్టు. అనకపోతే ఆ చేతులు ఆమె నడుం తిప్పేస్తాయి. అడిగినవాడు ఊరికే అడగడు కదా. ఏదో ఉండబట్టే అడిగాడు కదా.

"అక్కా" అన్నాను, "నీ బాకీ తీర్చే రోజొచ్చింది. నన్ను తీర్చనీ."

డాక్టరు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏం బాకీ అండీ? ఏంటిది?"

ఆ బాకీ ఏమిటో నా భార్యకి కూడా తెలియదు. చిన్నప్పుడు నాకు పక్క తడిపే అలవాటు ఉండేది. తోటిపిల్లలు బళ్లో ఎక్కాలు చెప్పే వయసొచ్చినా పోలేదు. నాన్న లేచి చూస్తే బెల్టు తీసేవాడు. అందుకని అక్క ఆయనకంటే ముందే లేచి, నన్ను పొడి చోటికి దొర్లించి, తడి దుప్పటి లాగి, పెరట్లో పంపు కింద చేత్తో ఉతికి, ఇంటి వెనక గోడ మీద ఆరేసేది. చలిరోజుల్లో ఆమె వేళ్లు ఎర్రగా కమిలిపోయేవి. ఒక్కసారి కూడా ఛీ అనలేదు. "రాసుకోరా. ఇదంతా బాకీ. నేను ముసలిదాన్నయ్యాక నువ్వు ఉతకాలి" అనేది. అప్పుడు ఆమె కూడా చిన్నపిల్లే.

అప్పట్లో ఆమె వాడిన మాటే నా నోట్లోంచి వచ్చింది. షాపులో, ఇంట్లో, ప్రార్థనలో ఇన్నేళ్లు దగ్గరికి రానివ్వని మాట.

"మా అక్కకి ఉచ్చ తెలియకుండా పోతోందండీ. మూణ్ణాలుగు రోజులుగా. బయట కుర్చీ తడిసింది. నేనే చూశాను."

డాక్టరు రెండు చేతులూ ఒక్కసారి వెనక్కి తీసుకున్నాడు, కాలినట్టు.

"నిజమేనా అమ్మా?"

ఆమె వీపు కదిలింది. ఏడుస్తోంది.

ఆయన బల్లకి అటువైపు వెళ్లి, ఆ లావుపాటి ఒంటితో మోకాళ్ల మీద కూర్చుని, ఆమె మొహానికి ఎదురుగా తన మొహం పెట్టాడు. "ఇందులో సిగ్గేం లేదు. నడుం అడుగున నరాల కట్ట ఒకటుంటుంది, అది నలిగితే ఇలా అవుతుంది. నేను ఇప్పుడు తిప్పి ఉంటే..." అని ఆగి, ముక్కు ఎగబీల్చాడు. "మొద్దుబారడం కూడా ఉందా?"

"ఉంది" అంది అక్క, వినీవినబడకుండా. "కూర్చున్నట్టే తెలీడం లేదు."

"ఇంటికి వెళ్లొద్దు. స్నానానికీ వద్దు, బట్టలకీ వద్దు. సరాసరి పెద్దాసుపత్రికి. ఇది రేపటిదాకా ఆగే పని కాదు."

ఆయనే ఫోను చేసి ఆసుపత్రిలో ఎవరితోనో మాట్లాడాడు. ఒక కాగితం మీద గబగబా రాసిచ్చాడు. అక్కని లేపడానికి నాకు చేతకాకపోతే, ఆ నూనె చేతులు ఆమె చంకల కింద వేసి, మెట్లు దింపి, ఆ నల్లటి రబ్బరు చెప్పులతోనే రోడ్డు మీదికొచ్చి ఆటో ఆపాడు. ఆయన చెమట వాసన ఆ ఎండలో ఇంకా ఘాటుగా కొట్టింది. నాకు అప్పుడూ అసహ్యంగానే ఉంది. ఐనా ఆటో కదులుతుంటే ఆయనకి రెండు చేతులూ జోడించాను. ఆయన పట్టించుకోకుండా, "సీటు మీద నెమ్మదిగా, గుంటల్లో నెమ్మదిగా పోనీ" అని ఆటోవాడి మీద అరుస్తున్నాడు.

ఆటోలో అక్క నా వైపు చూడలేదు.

"మంచి పని చేశావురా" అంది చివరికి, బయటికి చూస్తూ. "ఊరంతా చాటింపు వేశావు."

"ఆ గదిలో మనం ముగ్గురమే కదక్కా."

"నువ్వున్నావు కదరా. అదే ఊరంత."

ప్రపంచంలో ఏ పిల్లాడిదైనా కడిగే మనిషి, నా ముక్కుకి భయపడి, చచ్చేంత సంగతి దాచుకుంది.

ఆ సాయంత్రమే ఆపరేషను చేశారు. పెద్ద డాక్టరు సూటిగా చెప్పాడు: నడిచేది నడుస్తుంది, పట్టు మాత్రం మెల్లగా రావాలి, ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేం, ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఈ మాట కూడా చెప్పేవాణ్ణి కాదు.

ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున, స్నానం చేసి ప్రార్థనకి కూర్చోబోతుంటే, వెనక గదిలో నా భార్య గొంతు వినిపించింది.

"ఏం కాదు వదినా, మెషిన్లో వేసేస్తాను. మీరు కాస్త అటు జరగండి."

"నువ్వు ముట్టుకోకు అమ్మాయ్. నేనే మెల్లగా లేచి..."

వెళ్లాను. కిటికీ మూసే ఉంది. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. కిటికీ తెరిచాను. నా భార్య చేతిలో దుప్పటి అంచు తీసుకున్నాను.

"ఏవండీ, మీరా?" అంది తను. ఆ రెండు ముక్కల్లో ఎంత ఆశ్చర్యం పట్టిందో చెప్పలేను.

అక్కని పొడి చోటికి దొర్లించాను. తను నన్ను దొర్లించినట్టు అంత ఒడుపుగా రాలేదు, "అబ్బా" అంది. దుప్పటి లాగి బకెట్లో వేసి, బయట పంపు కింద కూర్చున్నాను. తడి ఇంకా వెచ్చగా ఉంది. ఒకసారి లేచి పక్కకి వెళ్లి వచ్చాను. మెషిన్లో వేస్తే పోయేదే, కానీ నా చిన్నప్పుడు మా ఇంట్లో మెషిను లేదు, అక్క చేత్తోనే ఉతికింది. సబ్బు రాశాను, రుద్దాను, ఝాడించాను. నీళ్లు పచ్చగా వచ్చినంతసేపు పళ్లు బిగించుకుని రుద్దాను. నురగ తెల్లబడ్డాక కూడా ఇంకోసారి రుద్దాను, అది మాత్రం నా జబ్బు.

ఆరేస్తుంటే, తెరిచిన కిటికీలోంచి అక్క చూస్తోంది. కిటికీ గట్టు మీద పక్కింటి ముసలి పిల్లి వచ్చి కూర్చుంది. ఆయన అబద్ధం ఆడాడని తేలింది, కానీ ఆ రోజు నాకు గొడవ పెట్టుకునే ఓపిక లేకపోయింది.

ప్రార్థన బాగా ఆలస్యమైంది. కూర్చున్నాను కానీ దేవుడు వచ్చాడో లేదో గమనించలేదు. ఎండ ఎక్కింది, దుప్పటి ఆరిందో లేదో అని మనసు బయటే ఉంది.

మధ్యాహ్నం ఆ దుప్పటి మడిచి అక్క మంచం మీద పెట్టాను. నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. అక్క దుప్పటిని మొహం దగ్గరికి తీసుకుని వాసన చూసింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"సబ్బు పూర్తిగా వదల్లేదురా. మడత వంకర."

"ఐతే మళ్లీ ఉతుకుతా."

"అక్కర్లేదు." దుప్పటి తన మీద కప్పుకుని, గడ్డం దాకా లాక్కుంది. "చెల్లు."

"ఏంటి వదినా చెల్లు? ఏం బాకీ?" అంది నా భార్య.

నేను మంచినీళ్ల గ్లాసు కోసం చూడలేదు. మంచం అంచున కూర్చుని, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.